పదమూడు గంటలు కాదు, పదమూడు సెకన్లు

బాస్ కంపెనీ ఆర్‌సి-5 లూప్ పెడల్ మొత్తం 13 గంటల సంగీతం దాచుకుంటుంది. 99 అరల్లో 99 లూపులు పెట్టుకోవచ్చు. బిట్రగుంటలో పొద్దున్నే రైలెక్కి, చెన్నైలో పని చూసుకుని, రాత్రికి బోగోలు ఇంటికొచ్చేదాకా ఆపకుండా వాయించినా దాదాపు మొత్తం అందులో పట్టేస్తుంది. తానే పాడి తానే వాయించుకునే మనిషికి ఈ 13 గంటలతో పనెంత? ఏమీ లేదనే అనాలి. లూప్ పెడల్ కొనేటప్పుడు పెట్టె మీది గంటలు, నిమిషాలు పక్కనబెట్టి సెకన్లు, మిల్లీసెకన్లు, మిల్లీ ఆంపియర్లు చూడాలని నా వాదన. ఈ చిన్న అంకెలు పెట్టె మీద కనిపించవు. ఉన్నా ఏ మూలనో చిన్న అక్షరాల్లో ఉంటాయి.

ముందు ఈ వస్తువేమిటో చెప్పుకోవాలి. కాలితో ఒకసారి నొక్కితే మీరు వాయించేది రికార్డు చేస్తుంది. రెండోసారి నొక్కిన క్షణం నుంచి అదే ముక్కను చుట్టూ తిప్పి వినిపిస్తూనే ఉంటుంది. దాని మీద ఇంకో పొర, ఆ పైన మరోటి ఎక్కించుకుంటూ పోవచ్చు. గాయకుడు ఎడ్ షీరన్ కచేరీల్లో చాలా భాగం ఇంతే: ఒక గొంతు, ఒక గిటారు, కాళ్ల దగ్గర లూప్ యంత్రం. 2025 ఫిబ్రవరిలో అతను బెంగళూరు వేదిక మీద గాయని శిల్పా రావుతో కలిసి ‘దేవర’లోని ‘చుట్టమల్లే’ తెలుగులో పాడాక, మనవైపు కుర్రాళ్లలో ఈ యంత్రం గురించి అడిగేవాళ్లు పెరిగారు. అతని వెనక ఎంతమంది సాంకేతిక నిపుణులుంటారో ఎవరూ అడగరనుకోండి.

బోగోలు సంగతి వేరు. నెల్లూరువైపు మండల కేంద్రమే గానీ చిన్న ఊరు. స్టేషను పేరు బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల రోజుల్లో పెద్ద లోకో షెడ్డు, రైల్వే కాలనీ ఉన్న చోటు. ఒకపక్క కొండబిట్రగుంట ప్రసన్న వేంకటేశ్వరుడి బ్రహ్మోత్సవాలు, ఇంకోపక్క జువ్వలదిన్నె, సముద్రం, మత్స్యకారుల పల్లెలు, చర్చిలు. కాస్త పైకి పోతే కావలి కల్యాణ మండపాలు. ఇక్కడ పాటగాడికి దొరికే వేదికలు పెళ్లి రిసెప్షన్లు, ఆదివారం ఆరాధనలు, బడి వార్షికోత్సవాలు, భజనలు. అక్కడ సౌండ్ ఇంజనీరు ఉండడు. మైకు సెట్టు అద్దెకిచ్చే అబ్బాయి ఉంటాడు. అతని మిక్సర్లో మీకు మిగిలేది ఒకటో రెండో చానళ్లు. పెడల్ ఎంచుకోవాల్సింది ఈ చోటికి పనికొచ్చేలా గానీ, యూట్యూబులో చూసిన లండన్ వేదికకు కాదు.

టేపు నుంచి చిప్పు దాకా

మొదట్లో లూప్ అంటే టేపే. 1960లలో అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీ రెండు టేపు రికార్డర్లను పక్కపక్కన పెట్టాడు. ఒకే టేపును మొదటిదానిలో రికార్డు చేయిస్తూ రెండోదానిలో మోగించి, ఆ ధ్వనిని మళ్లీ మొదటిదానికి పంపాడు. 1973లో రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో ఇదే పద్ధతితో ఒక ఆల్బమ్ చేశారు. ఇందులో లెక్క తేలిక. టేపు సెకనుకు ఏడున్నర అంగుళాలు, అంటే 19 సెంటీమీటర్లు నడుస్తుంది. రెండు యంత్రాల మధ్య ఒక మీటరు దూరముంటే మీ స్వరం తిరిగి వినపడేది 5.25 సెకన్లకు. లూప్ పొడవు పెంచాలంటే యంత్రాన్ని ఎత్తి దూరంగా జరపాలి.

ఆ తర్వాత చిప్పులొచ్చాయి. 1994లో వచ్చిన లెక్సికాన్ జామ్‌మ్యాన్‌లో దొరికింది 8 సెకన్లు. అదనపు మెమరీ వేయించుకుంటే 32. అదే రోజుల నాటి ఓబర్‌హైమ్ ఎకోప్లెక్స్ డిజిటల్ ప్రోలో మెమరీ పూర్తిగా నింపితే 198 సెకన్లు. 2001లో బాస్ ఆర్‌సి-20 అయిదున్నర నిమిషాలకు ఎక్కింది. ఇప్పుడు 13 గంటలు. సంగీతం పొడుగైందనుకోకండి, మెమరీ చవకైంది. లెక్క ఇదీ: సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 4 బైట్లు, ఎడమ కుడి రెండు చానళ్లు. సెకనుకు 3,52,800 బైట్లు. 13 గంటలంటే 46,800 సెకన్లు. హెచ్చిస్తే 16.5 గిగాబైట్లు వస్తుంది. సెల్‌ఫోన్ షాపులో అమ్మే చిన్న మెమరీ కార్డంత. ఆ 13 గంటల వెనక ఉన్న గొప్ప అంతే.

1994లో 8 సెకన్లతోనే జనం కచేరీలు చేశారని గుర్తుపెట్టుకోండి. 2004లో బ్రిటిష్ టీవీ కార్యక్రమంలో ర్యాపర్ నాస్ రాలేకపోతే, చివరి నిమిషంలో అతని బదులు గాయని కె.టి. టన్‌స్టల్ వచ్చింది. అకాయ్ హెడ్‌రష్ పెడల్‌తో ఒక చిన్న లూప్ కట్టుకుని దాని మీదే పాటంతా నడిపింది. ఆ రాత్రితో ఆమె పేరు అందరికీ తెలిసింది.

మీ పాటకు ఎన్ని సెకన్లు కావాలి?

సూత్రం ఒకటే. క్రియల (తాళంలో చేతి కదలికల) సంఖ్యను 60తో హెచ్చించి, నిమిషానికి ఎన్ని క్రియలు పడుతున్నాయో దానితో భాగించాలి. ఆదితాళం 8 క్రియలు. కాలప్రమాణం నిమిషానికి 72 అనుకుంటే ఆవర్తనం 6.67 సెకన్లు. రెండు ఆవర్తనాల పల్లవి 13.3 సెకన్లు. శీర్షికలోని పదమూడు అక్కడిదే. మిశ్రచాపులో 7 అక్షరాలు, ఒక్కోటి 0.3 సెకన్లనుకుంటే చుట్టు 2.1 సెకన్లు. ఖండచాపు 1.5. సినిమా పాట వేగం 100 ఉండి, ఎనిమిది బార్లు, అంటే 32 బీట్లు లూప్ చేసినా 19.2 సెకన్లే.

ఇప్పుడు బజారులో అన్నిటికన్నా చిన్న పెడళ్లలో ఒకటైన టీసీ ఎలక్ట్రానిక్ డిట్టోను చూడండి. దాని సామర్థ్యం 5 నిమిషాలు, 300 సెకన్లు. 72 వేగంలో సరిగ్గా 45 ఆదితాళ ఆవర్తనాలు. మీ పల్లవికి కావాల్సింది రెండు. ఎలక్ట్రో హార్మోనిక్స్ 720 పేరులోనే దాని సెకన్లున్నాయి, 12 నిమిషాలు. ఇవి చాలవనే పాట ఇంతవరకు నా చెవిన పడలేదు. పెద్ద మెమరీ వల్ల ఒకటే లాభం. ఇంట్లో తీరిగ్గా చేసుకున్న లూపుల్ని దాచుకుని, వేదిక మీద తీసి వాడుకోవచ్చు. అయితే ముందే చేసుకొచ్చిన లూప్ మీద పాడటానికీ కరోకే ట్రాక్ మీద పాడటానికీ తేడా ఎంత? పొర మీద పొర కళ్లముందు కడుతుంటేనే జనం మెడలు చాచి చూస్తారు. కరోకే కావాలంటే మీ ఫోనులో ఇప్పటికే ఉంది.

పాదం కొలత

సెకన్లు తేలాయి, ఇక మిల్లీసెకన్లు. పనంతా ఇక్కడే ఉంది.

72 వేగంలో క్రియ 833 మిల్లీసెకన్లు. చతురశ్ర నడకలో దాన్ని నాలుగు చేస్తే అక్షరం 208. లూప్ మూసేటప్పుడు మీ కాలు 50 మిల్లీసెకన్లు ఆలస్యమైందనుకుందాం. అక్షరంలో పావువంతు. మొదటి చుట్టులో ఎవరికీ పట్టదు. కానీ అదే తడబాటు ప్రతి 6.7 సెకన్లకూ, ఒకే చోట, ఒకే కొలతలో వస్తుంటే అయిదో చుట్టుకు వెనక కూర్చున్న ముసలమ్మ తల కూడా తాళం తప్పుతుంది. మనిషి తప్పు చేసినా మరుసటి ఆవర్తనంలో దిద్దుకుంటాడు. యంత్రానికి ఆ బుద్ధి లేదు.

పక్కన ఎవరైనా వాయిస్తుంటే తంటా ఇంకో రకం. నాలుగు నిమిషాల పాటలో 36 ఆవర్తనాలు. ఒక్కోదానికి 50 మిల్లీసెకన్లు ఎక్కువైతే చివరికి తేడా 1.8 సెకన్లు, రెండు క్రియల పైమాటే. మృదంగం వాయించే మనిషి చెవిపెట్టి సర్దుకుంటాడు. కీబోర్డులో నొక్కి వదిలిన రిథమ్ సర్దుకోదు. అందుకే కీబోర్డు రిథమ్, లూప్ పెడల్ రెండూ వాడేవాళ్లు ఒకదాని గడియారాన్ని ఇంకోదానికి కలిపే మిడి సదుపాయం ఉన్న పెడలే చూసుకోవాలి. లేదా పెడల్‌లో ఉన్న రిథమ్‌నే వాడాలి. ఆర్‌సి-5లో 57 రిథమ్‌లున్నాయి. 5/4, 7/8 లాంటి కొలతలూ ఇందులో దొరుకుతాయి. అయితే 7/8 దొరికింది గదా అని మిశ్రచాపు దొరికిందనుకోవద్దు. మనకు మూడు, నాలుగుగా విరగాలి. షాపులో విని, విరుపు ఎక్కడ పడుతోందో చూసుకోండి.

లూప్‌ను ఎక్కడ నొక్కాలన్నది మన సంగీతానికి ప్రత్యేకమైన ప్రశ్న. గిటారు పాఠాలన్నీ వాయించడం మొదలుపెట్టే క్షణంలోనే నొక్కమంటాయి. మన కీర్తనలు చాలా సమం మీద, అంటే ఆవర్తనం మొదటి క్రియ మీద, ఎత్తుకోవు. అర క్రియ తర్వాత ఎత్తుగడ ఉంటే, 72 వేగంలో సమానికీ సాహిత్యానికీ మధ్య 417 మిల్లీసెకన్ల ఖాళీ. ఎత్తుగడ మీద తెరిచి ఎత్తుగడ మీదే మూసినా లూప్ పొడవు సరిపోతుంది. కానీ అతుకు సరిగ్గా మొదటి అక్షరం మీద పడి, ముందు చుట్టు గమకం తోక తెగిపోతుంది. సమం మీద నొక్కితే అతుకు ఆ 417 మిల్లీసెకన్ల ఖాళీలో దాక్కుంటుంది. పాదం కాస్త అటూ ఇటూ అయినా గొంతు తెగదు. ఇలా సమం దాటాక ఎత్తుకునే, అంటే అనాగత ఎత్తుగడ ఉన్న, కీర్తనలు లూప్‌కు ఇంత బాగా ఒదుగుతాయని చెప్పిన పుస్తకం నాకు కనబడలేదు. చేసి చూస్తే తెలుస్తుంది.

ముగింపుకూ ఒక లెక్క ఉంది. ఒకే స్విచ్చున్న పెడళ్లను ఆపాలంటే గబగబా రెండుసార్లు నొక్కాలి. ఆ రెండు నొక్కుల మధ్య 400 మిల్లీసెకన్లు పట్టినా సగం క్రియ. రెండో నొక్కు సమం మీద పడాలంటే మొదటిది సగం క్రియ ముందే పడాలి. తీర్మానం మీద పాట టక్కున ఆగితే వచ్చే కిక్కు, అర క్రియ ఈడ్చితే పోతుంది. అందుకని ఆపడానికి వేరే స్విచ్చున్నది తీసుకోవడం మేలు. డిట్టోకు అది లేదు, దాని అన్న డిట్టో ఎక్స్2కు ఉంది. బాస్ ఆర్‌సి-1, ఆర్‌సి-5లకు బయటి ఫుట్‌స్విచ్ తగిలించుకునే రంధ్రముంది. ఆ అదనపు స్విచ్ మీద పెట్టే డబ్బు, పెద్ద మెమరీ మీద పెట్టే డబ్బుకన్నా బాగా పనిచేస్తుంది.

కాలికి తాళం అప్పజెప్పడం మనకు కొత్తేం కాదు. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఈ అయిదింటితో అయిదు తాళాలు వేస్తూ పాడేవాడని చెప్పుకుంటారు. పంచముఖీ పరమేశ్వరుడన్న బిరుదు అలా వచ్చిందే. నెల్లూరువైపు హరికథ అనగానే పెద్దవాళ్లకు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి గారు గుర్తొస్తారు. చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు, గొంతులో కథ. హరికథ చెప్పే దాసుగారు ఒక్కరే మూడు పొరలు మోసేవారు. ఆ మూడూ దాసుగారితో పాటే వేగం పెంచేవి, తగ్గించేవి, జనం నవ్వితే ఆగేవి. లూప్ పెడల్ ఈ పని చేయలేదు. హరికథ చెప్పేవాళ్లు, పద్యాలు పాడేవాళ్లు నన్నడిగితే కొనవద్దంటాను. పద్యానికి, ఆలాపనకు కొలిచిన కాలం లేదు. అక్కడ లూప్ చేయగలిగిందల్లా తంబూరా శ్రుతి. దానికి ఫోనులో ఉచితంగా దొరికే తంబూరా యాప్ చాలు. రాగం తీస్తూ పోతే శ్రుతి ఒక్కటే నిలబడుతుంది, ఆవర్తనం నిలబడదు.

వీణ రేకు డబ్బా ఎందుకవుతుంది

లూప్ పెడల్ బాగోలేదనే ఫిర్యాదుల్లో సగానికి కారణం పెడల్ కాదు, దానిలోకి వెళ్లే పిన్ను. కల్యాణ మండపాల్లో ఇది చూస్తూనే ఉంటాను. వీణకో, మాండొలిన్‌కో అతికించే చిన్న బిళ్లలాంటి కాంటాక్ట్ మైకు ఉంటుంది. దాని వైరు తెచ్చి నేరుగా మిక్సర్ లైన్‌లో గుచ్చుతారు. వెంటనే బాక్సుల దగ్గర నుంచి అరుపు: “అన్నా, ఏందిది, రేకు డబ్బా మాదిరి మోగతా ఉంది!” బేస్ పెంచుతారు, ట్రెబుల్ దించుతారు, రిసెప్షన్ అయిపోతుంది.

కారణం లెక్కలో ఉంది. ఆ బిళ్ల విద్యుత్తు దృష్టిలో సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటర్. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ నిరోధం 10 కిలో ఓమ్‌లనుకుంటే, రెండూ కలిసి దాదాపు 800 హెర్ట్జ్ కిందున్న స్వరాలన్నిటినీ పలచన చేస్తాయి. వీణ మంద్రమంతా 800కు ఎంతో కిందే. అదే బిళ్లను 1 మెగా ఓమ్ ఇన్‌పుట్‌లో గుచ్చితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతుంది. మనిషి చెవికి వినపడేదే సుమారు 20 నుంచి. అంటే మొత్తం స్వరం లోపలికి వెళ్తుంది. గిటారు కోసం చేసిన పెడళ్ల ఇన్‌పుట్ చాలావరకు 1 మెగా ఓమ్ చుట్టుపక్కలే ఉంటుంది. అందుకే వీణను ముందు పెడల్‌లో, పెడల్‌ను మిక్సర్లో గుచ్చాలి. వరస తిప్పారంటే రేకు డబ్బానే. స్పెసిఫికేషన్ కాగితంలో ‘ఇన్‌పుట్ ఇంపీడెన్స్’ అన్న వరస చూడండి, 1 మెగా ఓమ్‌కు తక్కువైతే కాంటాక్ట్ మైకు వాడేవాళ్లు వదిలేయాలి.

పాడేవాళ్లకు ఈ లెక్క తలకిందులు. వేదిక మైకు నుంచి వచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులు. లైన్ స్థాయి 1.23 వోల్టులు. మధ్యలో వందల రెట్ల తేడా. దాన్ని నింపడానికి మైకు ప్రీయాంప్ కావాలి. చిన్న పెడళ్లలో అది లేదు. మైకు వైరుకు పావంగుళం పిన్ను తగిలించి పెడల్‌లో గుచ్చితే నీరసమైన, గర్రుమనే గొంతు వినపడుతుంది. గొంతును లూప్ చేయాలంటే మూడు గుంతల ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు ఇన్‌పుట్ ఉన్న యంత్రం తీసుకోవాలి. బాస్‌లో ఆర్‌సి-500కు ఒకటుంది, ఆర్‌సి-600కు, చేతితో నొక్కే ఆర్‌సి-505 రెండో తరానికి రెండేసి ఉన్నాయి. చర్చి ఆరాధనల్లో గొంతు మీద గొంతు పేర్చి పాడాలనుకునేవాళ్లు ఇంతకన్నా తక్కువతో సరిపెట్టుకోలేరు.

మైకుతో ఇంకో ముప్పుంది. ముందు కట్టిన పొర బాక్సుల్లోంచి వస్తుంటే, రెండో పొర రికార్డు చేసేటప్పుడు మైకు దాన్నీ మింగుతుంది. నాలుగో పొరకు అంతా గుహలో పాడినట్టు. దీనికి మందు దూరం. మైకును నోటికి 30 సెంటీమీటర్ల నుంచి 5 సెంటీమీటర్లకు తెస్తే మీ గొంతు 15 డెసిబెల్స్ పైగా పెరుగుతుంది, బాక్సుల శబ్దం ఉన్నచోటే ఉంటుంది. ఇది పైసా ఖర్చులేని మందు.

పొరలు పెరిగేకొద్దీ శబ్దమూ పెరుగుతుంది. ఒకే గట్టితనంలో నాలుగు పొరలు వేస్తే మామూలుగా 6 డెసిబెల్స్, ఎనిమిది వేస్తే 9. కానీ సమం మీద అన్నీ ఒక్కసారి పడితే, నాలుగు పొరల శిఖరం 12 డెసిబెల్స్ దాకా ఎగబాకవచ్చు. మొదటి పొరను నిండు గొంతుతో, నిండు మీటుతో వేసినవాడికి మూడో పొరకల్లా బాక్సు పగిలినట్టు వినపడేది ఇందుకే. మొదటి పొర మెల్లగా ఉండాలి. లోపల 32 బిట్ ఫ్లోట్ ఉంది, ఎంత నింపినా పగలదని అమ్మేవాళ్లు చెబుతారు. లోపల పగలదు, నిజమే. బయటికొచ్చే తలుపు దగ్గర పగులుతుంది.

కరెంటు, జనరేటరు, ఉప్పుగాలి

డిట్టోకు కావాల్సింది 9 వోల్టులు, 100 మిల్లీ ఆంపియర్లు. ఆర్‌సి-5 తాగేది 170. ఈ అంకెలు చిన్నవిగా కనిపించినా పెళ్లి పందిట్లో పరువు వీటిమీదే ఆధారపడుతుంది. తొమ్మిది వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో కాగితం మీద సుమారు 500 మిల్లీ ఆంపియర్ గంటలుంటాయి. 170తో భాగిస్తే మూడు గంటలకు లోపే. ఇంత గట్టిగా గుంజితే బ్యాటరీ కాగితం మీది మాట నిలబెట్టుకోదు గనక ఇంకా తక్కువే. రిసెప్షన్‌కు ఎనిమిదన్నారంటే పెళ్లికొడుకు వచ్చేది తొమ్మిదిన్నరకు. డిట్టోలో అసలు బ్యాటరీ పెట్టే చోటే లేదు.

పవర్ బ్యాంకు లెక్క ఇంకోలా ఉంటుంది. 10,000 మిల్లీ ఆంపియర్ గంటల పవర్ బ్యాంకులో 37 వాట్ గంటల శక్తి. దాన్ని 9 వోల్టులకు పెంచే కేబుల్లో కొంత పోయినా 30 మిగులుతుందనుకోండి. ఆర్‌సి-5 వాడేది ఒకటిన్నర వాట్లే. ఇరవై గంటలు నడుస్తుంది. కరెంటు పోయి జనరేటరు తగులుకునే ఆ ముప్పై సెకన్ల గండం గడవాలంటే ఇంతకన్నా చవకైన దారి లేదు. పెడల్‌కు ఒక్క క్షణం కరెంటు పోయినా, మళ్లీ లేచి నిలబడేసరికి మీరు కడుతున్న పొర ఉండదు. కేబుల్ కొనేటప్పుడు ఒక్కటి చూడండి. ఈ పెడళ్లన్నీ మధ్య పిన్ను నెగెటివ్‌గా ఉండే రకం. కీబోర్డు అడాప్టర్లు కొన్ని దీనికి తిరగబడి ఉంటాయి. పిన్ను పట్టింది గదా అని గుచ్చితే పెడల్‌కు తద్దినమే.

జనరేటరు మీద ‘గుం’మనే మోత వస్తే నేరం చాలాసార్లు పెడల్‌ది కాదు. పెడల్ నుంచి మిక్సర్‌కు 20, 30 మీటర్ల మామూలు గిటారు వైరు లాగి ఉంటారు. అయిదారు మీటర్లు దాటితే ఆ వైరు ఏరియల్‌లా పనిచేస్తుంది. పెడల్ పక్కన, దాని స్వరాన్ని మైకు వైరుకు సరిపడేలా మార్చే డీఐ బాక్సు ఒకటి పెట్టి, అక్కణ్నుంచి మైకు వైరు లాగితే మోత పోతుంది. మైకు సెట్టు అబ్బాయి దగ్గర అది ఉంటుందని నమ్ముకోకుండా మీదే ఒకటి సంచిలో వేసుకోండి. జువ్వలదిన్నె ఉప్పుగాలికి జాకులు త్వరగా నల్లబడతాయి. కచేరీ అయ్యాక పిన్నులు పొడిగుడ్డతో తుడిచి, డబ్బా మూతపెట్టి ఉంచితే చాలు.

ఆలస్యం గురించి కూడా భయపెడుతుంటారు, డిజిటల్ పెడల్ స్వరాన్ని ఆలస్యంగా ఇస్తుందని. మంచి పెడళ్లలో అది ఒకటి రెండు మిల్లీసెకన్లు. శబ్దం గాలిలో సెకనుకు 343 మీటర్లు పోతుంది. మీ బాక్సు పది మీటర్ల దూరంలో పెట్టారంటే మీకు వినపడటానికి 29 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి బాక్సు ఒకటి మీ కాళ్ల దగ్గర పెట్టించుకోండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు, వాటి ఆలస్యం వంద మిల్లీసెకన్లు సులువుగా దాటుతుంది.

ఎవరికి ఏది

వీణ, గిటారు, మాండొలిన్‌లలో ఏదో ఒకటి వాయిస్తూ దాని మీదే ఇంకో పొర కావాలనేవాళ్లకు ఒక ట్రాకున్న చిన్న పెడల్, ఆపడానికి అదనపు స్విచ్ చాలు. పల్లవికి ఒక తీగ, చరణానికి ఇంకో తీగ వాయించాలంటే రెండు ట్రాకులు కావాలి, అవి ఒకదాని తర్వాత ఒకటి నడవాలి. ఆర్‌సి-500 లాంటివి ఆ పని చేస్తాయి, పైగా మైకు కూడా తీసుకుంటాయి. బోగోలు నుంచి బయల్దేరి కావలి, నెల్లూరు మండపాల్లో తానే పాడి తానే వాయించే మనిషికి నేను చెప్పేది ఇదే. ఆరు ట్రాకుల ఆర్‌సి-600కు ఆర్‌సి-5తో పోలిస్తే ఇంచుమించు మూడు రెట్లు పెట్టాలి. నోటితో డప్పు, బేస్, తాళం అన్నీ చేసే బీట్‌బాక్సర్లకు అది అవసరం. మిగతావాళ్లు ఆరింటిలో రెండే వాడి, నాలుగింటికి వాయిదాలు కడుతుంటారు. ఐఫోను ఉంటే లూపీ హెచ్‌డీ లాంటి యాప్‌లో ముందు నెల రోజులు చేయి తిప్పి చూడండి. అందులో 12 లూపులు తిరుగుతాయి. వేలితో తాళం మీద మూయలేనివాడు పాదంతో మూయలేడు.

కొనడానికి చెన్నై పోతే అన్నాశాలైలో 1842 నాటి మ్యూజీ మ్యూజికల్ ఉంది. ఎక్కడ కొన్నా మీ వాయిద్యం, మీ కాంటాక్ట్ మైకు, మీ చెప్పులు మీవే తీసుకెళ్లండి. చెప్పుల మాట వేళాకోళం కాదు. మన వేదికల మీద ఎక్కువసార్లు ఒట్టి కాళ్లతోనే నొక్కాలి గనక షాపులోనూ విప్పి నొక్కి చూడాలి. మెట్రోనోమ్ 72లో పెట్టి రెండు ఆవర్తనాలు లూప్ చేయండి. దాని మీద మూడు పొరలు వేయండి. చివరి పొర తీసేసి చూడండి. సమం మీద ఆపండి. షాపువాణ్ని విసిగించైనా పదిసార్లు చేయండి, పదిలో ఏడు సరిగ్గా ఆగితే ఆ పెడల్ మీ కాలికి సరిపోయినట్టే. బిల్లు రాయించేముందు అడాప్టర్ పెట్టెలో ఉందో లేదో అడగండి. బాస్ చిన్న పెడళ్లతో అది రాదు, విడిగా కొనాలి.